జాతిద్వేషం ఎదుట విశ్వాసి బాధ్యత

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలూ సమస్త మానవులను ఒకే తల్లిదండ్రుల సంతానంగా పుట్టించిన అల్లాహ్‌కే చెందుతాయి. మనం ఆయనను స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన తప్పులకు ఆయన క్షమాభిక్షనే కోరుకుంటున్నాము. అల్లాహ్ తప్ప వేరొక ఆరాధ్యుడు లేడనీ, హజ్రత్ ముహమ్మద్ (స) ఆయన దాసుడూ, ఆయన అంతిమ ప్రవక్త అనీ సాక్ష్యమిస్తున్నాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబంపై, ఆయన సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!

మాన్య సోదరులారా! మొట్టమొదట మాకూ, ఆ తరువాత మీకూ దైవభీతిని అలవరచుకొనవలసిందిగా ఉపదేశిస్తున్నాము. పరలోక ప్రయాణానికి అంతకు మించిన సంబారం లేదు.

ఇది మే మాసం. అమెరికా దేశంలో ఈ మాసమంతటినీ ఆసియా సంతతి ప్రజల, పసిఫిక్ దీవుల ప్రజల వారసత్వ మాసంగా జరుపుకొంటారు. చైనా, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్, వియత్నాం, భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మొదలైన దేశాల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడినవారు తమ భాషలను, వంటలను, దుస్తులను, తాతముత్తాతల కథలను పాఠశాలల్లోనూ గ్రంథాలయాల్లోనూ కూడళ్ళలోనూ ప్రదర్శిస్తారు. ఇటీవలి సంవత్సరాలలో అదే ప్రజలు అవే వీధులలో తమపై జరుగుతున్న దాడులకు వ్యతిరేకంగా అట్టలు చేతబట్టి నడిచారు. ఒకే వీధి పండుగనూ చూసింది, నిరసననూ చూసింది.

మన ఊళ్ళ నుండి చదువుకూ ఉద్యోగానికీ వెళ్ళిన పిల్లలు ఎందరో నేడు అక్కడ ఉన్నారు. ఆ ఉత్సవాలకు వెళ్ళవచ్చునా, ఆ ప్రదర్శనలలో నడవవచ్చునా అని వారు అడుగుతారు. ఇక్కడ ఉన్న పెద్దలు మరొక మాట అంటారు: "అది చైనావారి గొడవ, మనకెందుకు? తల వంచుకొని నీ పని నీవు చూసుకో." బిడ్డ క్షేమం కోరే తల్లిదండ్రుల నోట ఆ మాట రావడం సహజమే. కాని అది సరైన సమాధానమేనా అన్నది ఈ జుమా నాడు మనం ఆలోచించవలసి ఉంది.

సోదరులారా! సూరా హుజురాత్ 13వ ఆయతులో అల్లాహ్ మానవులందరినీ ఉద్దేశించి మాట్లాడాడు. విశ్వాసులను మాత్రమే కాదు, మానవులందరినీ. మనల్ని ఒకే పురుషుని నుండి, ఒకే స్త్రీ నుండి పుట్టించినట్లు తెలియజేశాడు. జాతులుగా, తెగలుగా చేసినది ఒకరినొకరు తెలుసుకొనుటకేనని వివరించాడు. తన వద్ద గౌరవానికి కొలమానం భయభక్తులు తప్ప వేరు కాదని స్పష్టం చేశాడు. సూరా రూమ్ 22వ ఆయతులో మన భాషలలోని, వర్ణాలలోని భేదాన్ని ఆకాశాల, భూమి సృష్టితో పాటు తన సూచనలలో ఒకటిగా పేర్కొన్నాడు. అల్లాహ్ సూచనగా నిలిపినదాన్ని చూసి వెక్కిరించే అధికారం ఎవరికీ లేదు.

కనుక తన భాషను, తన ఊరిని, తన పూర్వీకుల శ్రమను ప్రేమించడం దోషం కాదు. దైవప్రవక్త (స) మక్కాను విడిచి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ నగరంపై తన ప్రేమను దాచుకొనలేదు. తన జాతిని ప్రేమించడం అసబియ్యత్ అవుతుందా అని ఒక సహాబీ అడిగినప్పుడు కాదని చెప్పి, అన్యాయంలో తన జాతివారికి తోడ్పడటమే అసబియ్యత్ అని ఆయన వివరించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. ఈ గీతను మనసులో ఉంచుకుంటే పిల్లల మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. తమ వారసత్వాన్ని తలచుకొని అల్లాహ్‌కు కృతజ్ఞత తెలిపి, ఇతరుల వారసత్వాన్ని తెలుసుకొనే సమావేశానికి వెళ్ళవచ్చు. నిషిద్ధమైన ఆహారపానీయాలకు, అల్లాహ్‌కు సాటి కల్పించే ఆచారాలకు దూరంగా ఉండాలి. నమాజు వేళ తప్పిపోరాదు. "మేమే గొప్పవారం" అన్న మాట మొదలైన చోట ఆ సభ జాహిలియ్యత్ సభ అయిపోతుంది.

ఆ వారసత్వం ఎటువంటిదో కూడా తెలుసుకుందాం. మే మాసాన్ని ఎన్నుకొనడానికి రెండు కారణాలు చెబుతారు. 1843 మే 7న జపాన్ దేశీయుడు ఒకడు తొలిసారి అమెరికా గడ్డపై అడుగుపెట్టాడు. 1869 మే 10న ఆ దేశపు తూర్పు పడమరలను కలిపే రైలుమార్గం పూర్తి అయింది. పడమటి వైపు నుండి కొండలను తొలిచి ఆ మార్గాన్ని వేసినవారిలో అత్యధికులు చైనా కూలీలు. వారి సంఖ్య పది వేలకు పైమాటే. మంచు చరియలు విరిగిపడీ, మందుపాతరలు పేలీ ఎందరో మరణించారు. పని పూర్తయిన పదమూడు సంవత్సరాలకు, 1882లో, చైనా కూలీల రాకను నిషేధిస్తూ ఆ దేశం చట్టం చేసింది. చెమట కావలసి వచ్చింది, మనిషి అక్కరలేకపోయాడు.

మన దేశస్థులకూ అదే అనుభవం ఎదురైంది. 1907 సెప్టెంబరులో బెల్లింగ్‌హామ్ పట్టణంలో కలప మిల్లులలో పనిచేస్తున్న పంజాబీ కూలీలను ఒక గుంపు వారి నివాసాల నుండి ఈడ్చి ఊరి నుండి తరిమివేసింది. వారిలో అత్యధికులు సిక్కులు. ఆ కాలపు పత్రికలు వారందరినీ "హిందువులు" అనే వ్రాశాయి. ద్వేషించేవారికి మనలోని భేదాలతో పనిలేదు.

సోదరులారా! ఈ విషయాన్ని మరికొంత నిదానంగా పరిశీలించాలి. జాతిద్వేషం ఎదురైనప్పుడు మనిషికి మొట్టమొదట తట్టే ఉపాయం, "నేను వాడిని కాను" అని చెప్పుకోవడం. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన తరువాత అమెరికాలోని చైనీయులు కొందరు "నేను చైనీయుణ్ణి" అని వ్రాసిన బిళ్ళలను చొక్కాలకు తగిలించుకొని తిరిగారు. ప్రాణభయంతో చేసిన ఆ పనిని మనం నిందించడం లేదు. అయితే ఆ బిళ్ళ వారిని ఎంతకాలం కాపాడింది?

1982 జూన్‌లో డెట్రాయిట్ నగర ప్రాంతంలో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ణి ఇద్దరు తెల్లజాతీయులు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టారు. ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉండి జూన్ 23న అతడు మరణించాడు. అతని పెళ్ళి మరికొద్ది రోజులలో జరగవలసి ఉంది. జపాన్ కార్ల దిగుమతి వల్ల అక్కడి కర్మాగారాలలో ఉద్యోగాలు పోతున్న కాలమది. ఆ కోపం జపాన్‌పై. కొట్టినది చైనా తల్లి పెంచుకొన్న కొడుకును. నేరం రుజువైనా న్యాయమూర్తి జైలుశిక్ష విధించక, ఒక్కొక్కరికి 3,000 డాలర్ల జరిమానాతో, కొంతకాలపు పర్యవేక్షణతో వదలిపెట్టాడు. అప్పుడు చైనీయులూ, జపనీయులూ, కొరియన్లూ, ఫిలిప్పీన్స్‌వారూ ఒకే పేరు కింద వీధులలోకి వచ్చారు. నేడు మనం చూస్తున్న నిరసన ప్రదర్శనలకు మూలం ఆ తల్లి కన్నీరే.

2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మేసా పట్టణంలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు సోదరుడు తన పెట్రోలు బంకు ముందు పూలమొక్కలు నాటిస్తుండగా కాల్చివేయబడ్డాడు. తలపాగా, గడ్డం చూసి హంతకుడు ఆయనను అరబ్బు అనుకొన్నాడు.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో మన హైదరాబాదు వాడైన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు "నా దేశం విడిచి పో" అని అరచి కాల్చి చంపాడు. శ్రీనివాస్ తెలుగువాడు, హిందువు. ఇరాన్ దేశీయులను కాల్చానని హంతకుడు ఆ రాత్రే మరొకరితో చెప్పాడు.

ఆ తూటా ఎవరిపై గురిపెట్టబడిందో ఆలోచించండి. అది ముస్లిం దేశపు ప్రజలపై ద్వేషంతో పేలిన తూటా. దానికి కూలినది మన పొరుగింటి బిడ్డ. ఆ రాత్రి అక్కడే ఉన్న ఒక అమెరికన్ యువకుడు, వారెవరో కూడా తెలియకుండానే హంతకుణ్ణి అడ్డుకొనబోయి చేతిలో, ఛాతీలో గాయపడ్డాడు. ఒకే గదిలో రెండు స్వభావాలు కనబడ్డాయి. ఒకడు పేరు అడగకుండా చంపాడు. ఒకడు పేరు అడగకుండా కాపాడబోయాడు. సూరా మాయిదా 32వ ఆయతులో అన్యాయంగా ఒక ప్రాణాన్ని తీయడం సమస్త మానవాళిని చంపడంతో, ఒక ప్రాణాన్ని నిలపడం సమస్త మానవాళిని నిలపడంతో పోల్చబడింది. ఆ బోధ ఎంత సత్యమో ఆ గది చెబుతోంది.

"నేను వాడిని కాను" అన్న మాట మనల్ని కాపాడదు. అది కాపాడినా, ఆ మాటలోని అర్థం ఏమిటి? "వాడినైతే కొట్టవచ్చు" అనే కదా! విశ్వాసి నోట ఆ మాట రాతగదు.

మరి విశ్వాసికి తగిన జవాబు ఏది? దానికి ఒక నిదర్శనాన్ని ముస్లిమేతరుడైన ఒక మనిషి జీవితం నుండి మీ ముందుంచుతాము. మంచి ఎక్కడ కనబడినా గ్రహించడం విశ్వాసి లక్షణం.

1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు ఒక ఉత్తర్వుపై సంతకం చేశాడు. దాని మూలంగా పడమటి తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారు ఇళ్ళూ దుకాణాలూ విడిచి ముళ్ళకంచెల మధ్య పది నిర్బంధ శిబిరాలకు తరలించబడ్డారు. వారిలో మూడింట రెండు వంతుల మంది ఆ దేశంలో పుట్టిన పౌరులే. శాన్ హోసే పట్టణానికి చెందిన నార్మన్ మినేటా అనే పదేళ్ళ బాలుడు తల్లిదండ్రులతో రైలు ఎక్కుతూ తన ఆట బ్యాటును వెంట తెచ్చుకొన్నాడు. ఆయుధంగా వాడవచ్చునని ఒక సైనికుడు దాన్ని లాక్కొన్నాడు. వాయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరంలో ఆ కుటుంబం నిర్బంధంలో గడిపింది.

ఆ బాలుడు పెరిగి చట్టసభ సభ్యుడయ్యాడు. ఆసియా సంతతివారికి మే మాసంలో ఒక వారం కేటాయించాలని 1977లో తీర్మానం ప్రవేశపెట్టిన ఇద్దరు ప్రతినిధులలో ఆయన ఒకడు. ఆ వారమే 1992 చట్టంతో మాసమంతటికీ స్థిరపడింది. శిబిరాల అన్యాయానికి ప్రభుత్వం క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న ప్రతి బాధితునికి 20,000 డాలర్లు చెల్లించాలన్న 1988 చట్టం కోసం కూడా ఆయన పాటుపడ్డాడు.

2001 సెప్టెంబరు 11 నాటికి ఆయన రవాణా శాఖ మంత్రి. విమానయానమంతా ఆయన ఆధీనంలో ఉంది. అరబ్బులను, ముస్లిములను విమానాలు ఎక్కనీయరాదని, వేరు చేసి సోదా చేయాలని దేశమంతటా కేకలు లేచిన దినాలవి. ప్రయాణికుని జాతిని, మతాన్ని బట్టి వివక్ష చూపడం చట్టవిరుద్ధమని ఆ నెలలోనే ఆయన శాఖ విమాన సంస్థలను హెచ్చరించింది. 1942లో తన కుటుంబానికి జరిగినది మరొకరికి జరగరాదన్నదే ఆయన పట్టుదల. ఆయన మనవాడు కాడు, మన మతస్థుడు కాడు. మన కోసం నిలబడ్డాడు. 2022లో, మే మాసంలోనే, ఆయన మరణించాడు.

సోదరులారా! తనకు జరిగిన అన్యాయాన్ని మనిషి రెండు విధాలుగా జ్ఞాపకం ఉంచుకోగలడు. "నాకు జరిగింది కదా, ఇతరులకూ జరగనీ" అనుకోవచ్చు. లేదా "నాకు జరిగినది ఎవరికీ జరగరాదు" అనుకోవచ్చు. వారసత్వమంటే ఈ రెండవ జ్ఞాపకం. పాటలూ వంటలూ దాని తరువాతివి.

ఈ మాటలు పలికి, మాకూ మీకూ సమస్త ముస్లిములకూ అల్లాహ్ క్షమాభిక్షను వేడుకొంటున్నాము. మీరు కూడా వేడుకొనండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కలుగుగాక!

మాన్య సోదరులారా! పిల్లల రెండవ ప్రశ్నకు వద్దాం. ఇతర జాతుల కోసం వీధిలో నడవడానికి ధర్మంలో ఆధారం ఉన్నదా?

మన ప్రవక్త (స)కు దైవదౌత్యం లభించక పూర్వం మక్కాలో జరిగిన ఒక సంఘటనను సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. యమన్‌లోని జబీద్ నుండి వచ్చిన ఒక వర్తకుని వద్ద ఖురైష్ పెద్ద ఒకడు సరుకు తీసుకొని వెల చెల్లించలేదు. ఆ వర్తకునికి మక్కాలో బంధువు లేడు, అండగా నిలిచే తెగ లేదు. అతడు కొండపైకి ఎక్కి కాబా చుట్టూ కూర్చున్న వారికి వినబడేలా మొరపెట్టుకొన్నాడు. అప్పుడు కొన్ని వంశాలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, మక్కాలో బాధితుడు ఎవరైనా, ఊరివాడైనా పరాయివాడైనా, అతని హక్కు అతనికి దక్కే వరకు ఒక్కటిగా నిలుస్తామని ప్రమాణం చేశారు. తరువాత వెళ్ళి ఆ సొమ్ము ఇప్పించారు. దానినే హిల్ఫుల్ ఫుజూల్ అంటారు. అందులో పాల్గొన్న యువకులలో మన ప్రవక్త (స) ఒకరు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి ఒడంబడికకు పిలిస్తే తప్పక వెళ్తానని ఆయన చెప్పేవారు.

గమనించండి. ఆ సమావేశంలో కూర్చున్నవారు ముస్లిములు కారు. బాధితుడు వారి తెగవాడు కాడు. దోషి మాత్రం వారి తెగవాడే. పిలుపు న్యాయానిది కనుక ఆయన వెళ్ళారు.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు అమెరికాలో ఆసియా ముఖం కనబడితే చాలు, "వ్యాధిని తెచ్చింది మీరే" అని దూషించారు, ఉమ్మారు, వృద్ధులను వీధిలో నెట్టారు. 2021 మార్చి 16న అట్లాంటా పరిసరాలలో ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వారిలో ఆరుగురు ఆసియా సంతతి స్త్రీలు, శ్రమ చేసి కుటుంబాలను పోషిస్తున్నవారు. ఆ తరువాత అనేక నగరాలలో ప్రజలు వేలాదిగా నడిచారు. ఆ సంవత్సరం మే 20న ద్వేష నేరాల నమోదును, విచారణను బలపరిచే చట్టం వచ్చింది. అటువంటి ప్రదర్శన పిలుపు హిల్ఫుల్ ఫుజూల్ పిలుపు వంటిదే. అక్కడి చట్టానికి లోబడి, శాంతంగా, నోరు చేయి అదుపులో ఉంచుకొని నడిచే బిడ్డను మనం ఆపనవసరం లేదు.

అయితే ఒక హెచ్చరిక. ఆ రోజులలో దాడి చేసినవారిలో కొందరు నల్లజాతివారు ఉన్న దృశ్యాలను చూపి ఆ జాతి మొత్తాన్ని దూషించినవారు ఆసియావారిలోనే ఉన్నారు. ఒక ద్వేషాన్ని ఎదిరించడానికి వెళ్ళి మరొక ద్వేషాన్ని ఇంటికి తెచ్చుకోరాదు. ఒక జాతి పట్ల వైరం మనల్ని అన్యాయానికి పురికొల్పరాదని సూరా మాయిదా 8వ ఆయతు ఆదేశిస్తోంది. పైగా ఆ ప్రజలకు మనం రుణపడి ఉన్నాము. ఆసియా దేశాలవారికి అమెరికా తలుపులు విశాలంగా తెరచిన 1965 నాటి వలస చట్టం, నల్లజాతివారు రక్తమోడ్చి సాగించిన పౌరహక్కుల పోరాట కాలపు ఫలితం. మన పిల్లల వీసాల వెనుక వారి అడుగులున్నాయి. హజ్రత్ బిలాల్ (రజి) అజాన్‌ను ప్రేమించే మనం ఆ వర్ణాన్ని తక్కువ చేసి మాట్లాడితే ఏ ముఖంతో ప్రవక్త (స) సన్నిధికి వెళ్ళగలం?

ఇప్పుడు మన ముంగిలిని చూసుకుందాం. సూరా నిసా 135వ ఆయతులో న్యాయానికి సాక్షులుగా నిలవండి, అది మీకే వ్యతిరేకమైనా సరే అని అల్లాహ్ ఆదేశించాడు.

2020 వసంతంలోనే మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులను "కరోనా" అని పిలిచారు, దుకాణాలలోకి రానీయలేదు, అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. అదే వసంతంలో అదే వ్యాధి పేరుతో మన సమాజంపైనా నిందలు వేశారు. మన కూరగాయల బండ్లను వీధులలోకి రానీయని చోట్లున్నాయి. ఆ బాధ మనకు తెలుసు. తెలిసి కూడా, మణిపురీ బిడ్డనో నాగా బిడ్డనో కళ్ళను బట్టి, ముక్కును బట్టి పేరు పెట్టి పిలుస్తున్నప్పుడు మనలో ఎందరం వారించాము? ఎందరం నవ్వాము? 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా జుట్టును చూసి చేసిన ఎగతాళితోనే గొడవ మొదలైంది. మరునాడు అతడు మరణించాడు. సూరా హుజురాత్ 11వ ఆయతు ఒక జాతి మరొక జాతిని ఎగతాళి చేయరాదని, వారు వీరికంటే ఉత్తములై ఉండవచ్చునని హెచ్చరించినది ఇందుకే.

మసీదు వరుసలోకీ చూద్దాం. ఉర్దూ రాని తెలుగు ముస్లిమును, దూదేకుల సోదరుణ్ణి, వీరు సగం ముస్లిములన్నట్లు చూసే చూపు మనలో పూర్తిగా పోయిందా? పెళ్ళి సంబంధాల దగ్గర బిడ్డ రంగును కొలవడం మానామా? హజ్రత్ అబూజర్ (రజి) ఒక సేవకుణ్ణి అతని తల్లి పేరు ఎత్తి దూషించినప్పుడు, నీలో ఇంకా అజ్ఞాన కాలపు వాసన ఉన్నదని ప్రవక్త (స) మందలించారు. అబూజర్ (రజి) అంతటి సహాబీకే ఆ మందలింపు అవసరమైతే మనమెంత? విదేశంలో మన బిడ్డకు గౌరవం కోరే హక్కు, స్వదేశంలో పక్కవానికి గౌరవం ఇచ్చినప్పుడే బలపడుతుంది.

కనుక సోదరులారా! ఈ వారంలో మూడు పనులు చేయవలసిందిగా కోరుతున్నాము. విదేశంలో ఉన్న బిడ్డతో ఫోనులో మాట్లాడేటప్పుడు, పక్కవాడు ఏ జాతివాడైనా అతనికి కష్టం వస్తే సాక్షిగా నిలబడమని చెప్పండి. తనపై దాడి జరిగితే దాచుకొనక అధికారులకు తెలుపమని చెప్పండి. మీ వీధిలో, మీ కళాశాలలో, మీరు పనిచేసే చోట ఉన్న ఈశాన్య రాష్ట్రాల వారిని పేరుతో పలకరించండి. వీలైతే భోజనానికి పిలవండి. ఒకరినొకరు తెలుసుకోవడం కోసమే జాతులను చేశానన్న ప్రభువు మాటకు ఆచరణ అక్కడ మొదలవుతుంది. ఇక, ఇంట్లో ఏ జాతి గురించి ఎగతాళి మాట వచ్చినా, అది నవ్వులాటే అయినా, పిల్లల ముందే దానిని ఖండించండి.

ఇప్పుడు కాసేపట్లో మనం భుజం భుజం కలిపి వరుసలో నిలబడతాము. పక్కన నిలిచినది ఎవరో మనం అడగము. ఆ అడగకపోవడాన్ని మసీదు గడప దాటి బయటికి తీసుకువెళ్ళాలి.

ఓ అల్లాహ్! మా హృదయాలలోని జాత్యహంకారాన్ని కడిగివేయి. పరాయి నేలపై ఉన్న మా బిడ్డలకు, మా నేలపై ఉన్న పరాయి బిడ్డలకు రక్షణ ప్రసాదించు. ద్వేషానికి బలైన వారి కుటుంబాలకు ఊరట కలిగించు. బాధితుడు ఎవరైనా అతని పక్షాన నిలిచే ధైర్యాన్ని, దోషి మావాడైనా అతని చేయి పట్టి ఆపే నిజాయితీని మాకు అనుగ్రహించు. మా తల్లిదండ్రులను, మమ్మల్ని, సమస్త విశ్వాసులను క్షమించు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! ఆయనను స్మరించండి, ఆయన మేలులకు కృతజ్ఞులై ఉండండి. నమాజుకు లేవండి.